అమ్మ కంటి ఇంజెక్షన్ విషయంలో సాయపడిన అందరికీ కృతజ్ఞతలు

పోయినసారి కంట్లో ఇంజెక్షన్ వేయించుకున్నాక అమ్మ రాత్రంతా మంటతో నిద్రపోలేదని, ఇక వేయించుకోనని మొండికేసిందని చెప్తే మీలో చాలామంది స్పందించారు, కొందరైతే ఫోన్ చేసి మరీ అమ్మకి ధైర్యం చెప్పారు. మీ అందరికీ పేరుపేరునా దండాలు. ఈసారి వేయించుకుని వచ్చిన రాత్రి అమ్మ హాయిగా నిద్రపోయింది.

షుగర్ వల్ల అమ్మ కంటి వెనకపొర (రెటీనా) మధ్యలో నీరు చేరింది, మొదట్లో నెలనెలా ఇంజెక్షన్ తప్పదన్నారు. మధ్యలో ఆపేస్తే చూపు ఏమవుతుందోనని మా టెన్షన్, నొప్పి భయం అమ్మది.

అంతసేపు మంట పెట్టేది చాలావరకు సూది కాదు, ఇన్ఫెక్షన్ రాకుండా ముందు వేసే పోవిడోన్ అయోడిన్ అని చెప్పిన రిటైర్డ్ నర్సుగారికి ఎంత చెప్పినా తక్కువే. సన్నటి 30 గేజ్ సూది, లోపలికి వెళ్లే మందు 0.05 మిల్లీలీటర్లు, అది క్షణాల్లో అయిపోతుంది, కానీ 5 శాతం అయోడిన్ కంటి పైపొరని రేపి గంటల తరబడి గరగరలాడిస్తుంది. అలాగని అది వద్దని మాత్రం అనకండి, కంటిని కాపాడేది అదే, పని అయ్యాక బాగా కడగమని అడగండి అన్నారావిడ.

అడిగాం. డాక్టరుగారు విసుక్కోకుండా మొత్తం విన్నారు. మత్తు చుక్కలు కాస్త వ్యవధి ఇస్తూ మళ్లీ మళ్లీ వేయించి, బాగా మొద్దుబారాకే అయోడిన్ వేసి, రెప్పలు తెరిచి ఉంచే క్లిప్పు పెట్టారు. "అమ్మా, ఇప్పుడు చల్లగా తగులుతుంది", "ఇప్పుడు కొంచెం ఒత్తినట్టుంటుంది, కిందికి చూడండి" అని ప్రతిదీ ముందే చెప్పారట, సూది దిగేటప్పుడు మాత్రం నోటి తుంపరలు పడకూడదని ఎవరూ మాట్లాడలేదట. సిస్టర్ అయితే మొదటినుంచి చివరిదాకా అమ్మ చెయ్యి వదల్లేదు, నొప్పనిపిస్తే తల కదపకుండా నా చెయ్యి నొక్కండి అన్నారట. అమ్మ ఇంటికొచ్చి అందరికీ ముందు చెప్పింది ఆ మాటే.

తర్వాత సెలైన్‌తో బాగా కడిగి, ఇంట్లో వేసుకోవడానికి కన్ను తడిగా ఉంచే లూబ్రికెంట్ చుక్కలిచ్చారు. కన్ను నలపొద్దని, నల్లటి బుడగలు కనిపిస్తే ఒకట్రెండు రోజుల్లో పోతాయని, ఎర్రమచ్చ ఉంటే వారం రెండు వారాల్లో తగ్గుతుందని చెప్పారు. నొప్పి తగ్గకుండా పెరిగినా, చూపు మసకబారినా అర్ధరాత్రి అయినా సరే వచ్చేయమన్నారు. ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లు ఉంటే ఈ ఒక్కటీ గట్టిగా గుర్తుపెట్టుకోండి.

సిస్టర్ తన పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. అమ్మ మాత్రం ఆవిడ డ్యూటీ ఎప్పుడో కనుక్కుని తర్వాతి ఇంజెక్షన్ ఆ రోజుకే పెట్టించుకుంది.