36కీ 37కీ మధ్య నా వేసవి

ప్రియమైన శ్రీనూ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు కోపగించుకోకు. హైదరాబాదులో నా ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్ మొన్న శుక్రవారంతో ముగిసింది. అమీర్‌పేటలో మెట్రో మారి రాయదుర్గం చేరేసరికే సగం ఓపిక హరించుకుపోయేది. ఆ తిప్పలు కలిసినప్పుడు చెబుతాను గాని, ఆఫీసులో జరిగిన ఒక సంగతి మాత్రం ఇప్పుడే రాయాలి, వచ్చే వేసవికి నువ్వూ ఇలాంటి చోటికే వెళ్తానన్నావు కదా.

నన్ను అకౌంట్స్ విభాగంలో వేశారు. కొనుగోలు రిజిస్టరులోని బిల్లులను, ప్రతి నెలా 14వ తేదీన జీఎస్టీ పోర్టల్‌లో తయారయ్యే 2బీతో, అంటే అమ్మినవాళ్లు మన పేరు మీద చూపిన బిల్లుల జాబితాతో, సరిచూడడం నా పని. సరుకు అమ్మినవాడు తన రిటర్నులో చూపిన బిల్లు మన 2బీలోకి వస్తే తప్ప దాని మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొనేటప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు) దక్కదని 2022 నుంచి నిబంధన. 20వ తేదీలోగా 3బీ అనే నెలవారీ పన్ను రిటర్ను వేయాలి కనుక, ఆ ఆరు రోజులూ అక్కడ ఎవరి ముఖంలోనూ నవ్వు కనిపించదు.

జూన్‌లో ఒకే సరఫరాదారుకు చెందిన 11 బిల్లులు నాకు 2బీలో కనబడలేదు. ఎక్సెల్ బాగా వచ్చునన్న గర్వంతో, ఎవరినీ అడగకుండా, వెంటనే అప్‌లోడ్ చేయకుంటే చెల్లింపు ఆపుతామని ఆయనకు మెయిల్ పెట్టాను. చెల్లింపు ఆపే అధికారం ఇంటర్న్‌కు ఎవరిచ్చారో నాకే తెలియదు! గంట తిరగకముందే ఆయన ఫోన్ చేశారు, నాకు కాదు, మా మేనేజరు మేడమ్‌కు.

గోదాము లెక్కలు చూసే పెద్దాయన బిల్లు చేతిలోకి తీసుకుని అర నిమిషంలో తేల్చేశారు. సరుకు వెళ్లింది విజయవాడ గోదాముకు. కంపెనీకి తెలంగాణలో 36తో, ఆంధ్రప్రదేశ్‌లో 37తో మొదలయ్యే వేర్వేరు జీఎస్టీ నంబర్లున్నాయి. అమ్మినాయన 37 మీద సక్రమంగానే బిల్లు వేస్తే, మావాళ్లే దానిని హైదరాబాదు ఖాతాలో రాసుకున్నారు. అందుకే ఆ బిల్లులు నాకు హైదరాబాదు 2బీలో కనబడలేదు. నేను మొత్తాలు చూశానే గాని, కళ్లెదుట ఉన్న నంబరులో మొదటి రెండంకెలు చూడలేదు. బిల్లును పైనుంచి కిందికి చదవాలని, డబ్బు సంగతి చిట్టచివర చూడాలని ఆ పెద్దాయనే నాకు నేర్పారు. ఆ తరువాత రోజూ నాలుగింటి టీకి ఆయన పక్కనే చేరేవాణ్ణి.

మేడమ్ తిట్టలేదు. "నీ సీటు నుంచి నా సీటుకు పది అడుగులు, మెయిల్ కంటే ముందు అవి నడవొచ్చు కదా" అన్నారంతే. తిట్టి ఉంటే మధ్యాహ్నం భోజనమైనా సహించేది. తరువాతి వారం ఒక బిల్లును రెండుసార్లు ఎక్కించానని నాకే తెలిసినప్పుడు, సాయంత్రం దాకా దాచిపెట్టి నేనే సరిదిద్దుకుందామన్న ఆశను చంపుకుని, ఆ పది అడుగులూ నడిచాను. ఆమె తల ఎత్తకుండానే "సరే, తీసెయ్" అన్నారు. దీనికా అంత భయపడ్డానని నవ్వొచ్చింది.

ఆ సరఫరాదారుకు క్షమాపణ కూడా మేడమ్ నా చేతనే ఫోన్‌లో చెప్పించారు. ఆయన ఓపికగా విని, "పర్లేదు బాబూ, ఇంతకీ మా డబ్బులు ఎప్పుడొస్తాయి?" అని అడిగారు. చూస్తే, ఖాతా తప్పడం వల్ల ఆ బిల్లుల చెల్లింపు నిజంగానే ఆగిపోయి ఉంది. ఈసారి మెయిల్ పెట్టకుండా, బిల్లులు పట్టుకుని మేడమ్ దగ్గరికే వెళ్లాను.

నీ
వేణు