బుజ్జికి, బడిలో చేరేముందు

చిట్టితల్లి బుజ్జికి,

సోమవారం నువ్వు జెడ్పీ హైస్కూల్లో టీచరుగా జాయిన్ అవుతున్నావని మీ నాన్న వీధంతా మైసూర్‌పాక్ పంచారు. డీఎస్సీ కోసం నువ్వెంత చదివావో చూసినదాన్ని, నాకూ సంతోషమే. కానీ రెండు రాత్రులుగా నిద్ర పట్టడం లేదు. ఫోన్లో చెబితే మధ్యలో గొంతు పూడుకుపోతుందని రాస్తున్నాను.

2012లో నువ్వు ఎనిమిదో తరగతి. పదో తరగతి పిల్లలు కట్టిన పరీక్ష ఫీజులో 500 రూపాయలు తగ్గాయి. ముందురోజు కాంపోజిషన్ పుస్తకాలు స్టాఫ్‌రూముకి మోసుకెళ్లిన ఆరుగురు ఆడపిల్లల్నీ, ప్రేయర్ అవగానే హెడ్మాస్టరు గారు వేపచెట్టు కిందికి పిలిచారు. బడంతా చూస్తుండగా బ్యాగులు బోర్లించమన్నారు. నీ బ్యాగులోంచి పుస్తకాలు, కంపాస్ బాక్సు, సగం కొరికిన జామకాయ పడ్డాయి. ఆఖరున పేపర్లో చుట్టి దాచుకున్న ప్యాడ్ పడి, పేపరు విడిపోయింది. మగపిల్లలు నవ్వారు. ఆయన చేతిలో బెత్తంతో దాన్ని పక్కకి జరిపి, కింద ఏమన్నా ఉందేమో చూశారు. ఈ బెత్తం మాట నువ్వు డిగ్రీకి వచ్చాక గానీ నాకు చెప్పలేదు.

ఆ డబ్బు సాయంత్రం పదో తరగతి హాజరు పట్టీలోనే దొరికింది. పొరపాటైందని మీ ఆరుగురిలో ఒక్కరికీ ఎవరూ చెప్పలేదు.

నాలుగు రోజులు కడుపునొప్పి అని పడుకున్నావు. ఐదో రోజు నేను రెక్క పట్టుకుని లేపి, "తప్పు చేయనిదానివి నీకు భయమెందుకే?" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం. ఆ ఏడాదంతా నువ్వు బ్యాగు ముట్టుకోలేదు. వానలో కూడా పుస్తకాలు గుండెలకి హత్తుకుని పోయేదానివి. చూస్తూ కూడా నాకు అర్థం కాలేదు తల్లీ. నన్ను క్షమించు.

మొన్న మీ లాయరు మావయ్య కేరళలో జరిగిన ఒక కేసు చెప్పాడు. ముగ్గురు అన్నాచెల్లెళ్లు, యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖకి చెందిన కుటుంబం. జనగణమన పాడేటప్పుడు మర్యాదగా నిలబడతారు గానీ, తమ మతం ఒప్పుకోదని పాడరు. అంతకుముందు వాళ్ల అక్కలూ అలాగే చదువుకున్నారు, ఎవరూ పట్టించుకోలేదు. 1985 జులైలో ఒక ఎమ్మెల్యే అసెంబ్లీలో ఆ సంగతి ఎత్తాడు. విచారణ వేస్తే, పిల్లలు అగౌరవమేమీ చేయలేదని రిపోర్టు వచ్చింది. అయినా స్కూళ్ల డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ చెప్పాడని హెడ్ మిస్ట్రెస్ ముగ్గుర్నీ బడిలోంచి తీసేసింది. చిన్నది ఐదో తరగతి! ప్రభుత్వం ఏదో ఒకటి తేల్చేదాకా కూర్చోనివ్వమని తండ్రి అడిగినా, తన చేతుల్లో లేదంది. హైకోర్టులోనూ వాళ్లకి న్యాయం దొరకలేదు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టులో మన తెలుగాయన జస్టిస్ చిన్నప్పరెడ్డి గారు, జస్టిస్ దత్ గారు కలిసి, తీసేయడం తప్పు, మళ్లీ చేర్చుకోండని తీర్పిచ్చారు.

తీర్పు గొప్పదే. నా మనసు మాత్రం ఆ హెడ్ మిస్ట్రెస్ దగ్గరే ఆగిపోయింది. ఆవిడ చెడ్డదని నేననుకోను. పైనుంచి మాట వచ్చింది, ఉద్యోగం భయం ఉంటుంది. కానీ పుస్తకాలు సర్దుకుని గేటు దాటింది ఆ పిల్లలు. రేపు నీకూ పైనుంచి అలాంటి మాట రావచ్చు. 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడమూ కుదరదంటుంది. నీకు జరిగినప్పటికి ఆ చట్టం వచ్చి రెండేళ్లయింది. మాకు తెలియదు. ఆయనకి తెలిసే ఉండాలి.

ఏదైనా పోయిందని నీ క్లాసులో పిల్లమీద అనుమానం వస్తే, ముందు రిజిస్టర్లు, బీరువాలు వెతుకు. తర్వాత పిల్లని విడిగా కూర్చోబెట్టి మెల్లగా అడుగు. నలుగురిలో బ్యాగు మీద చెయ్యి వేయొద్దు, ఇంకొకరిని వేయనివ్వొద్దు. వాళ్లమ్మకి కబురు చెయ్యి. ఆవిడ కూడా నాలాగే వచ్చీరాగానే పిల్లనే తిట్టబోతే, ఆవిడ్ని ఆపు. నన్ను ఆ రోజు ఆపేవాళ్లు లేకపోయారు.

మీ అమ్మ