‘అండర్ రివ్యూ’ అంటే చూస్తున్నారనా, చూస్తారనా?

మార్చి 24

అడ్మిషన్ల పోర్టల్ నిర్వహిస్తున్న సంస్థ,
వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: అప్లికేషన్ స్టేటస్ తప్పుదోవ పట్టించేలా ఉండడం, అడిగినా వివరణ ఇవ్వకపోవడం గురించి ఫిర్యాదు.

అయ్యా / అమ్మా,

మీ పోర్టల్ ద్వారా నేను అమెరికాలోని ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్‌కి అప్లై చేశాను. సీటు ఇవ్వాలా వద్దా అన్నది యూనివర్సిటీ ఇష్టం, అందులో మీ పాత్ర లేదని నాకు తెలుసు. ఆలస్యం గురించి కూడా నేను రాయడం లేదు. అన్ని అప్లికేషన్లు చదవడానికి నెలలు పడుతుందని తెలిసే అప్లై చేశాను. నా ఫిర్యాదు మీ స్క్రీన్ మీద కనిపించే ‘అండర్ రివ్యూ’ (పరిశీలనలో ఉంది) అనే రెండు మాటల గురించి. వాటిని నమ్మి 45 రోజులు ఊరికే కూర్చున్నాను. ఆ 45 రోజుల్లో నా ఫైల్‌ని ఎవరూ తెరవనే లేదు.

జరిగింది చెప్తాను. ఆఖరు తేదీ డిసెంబర్ 15 అయితే నేను 9నే అప్లికేషన్ పంపేశాను. ఫీజు కట్టిన రసీదు వచ్చింది, స్టేటస్ ‘సబ్మిటెడ్’ అని పడింది. డిసెంబర్ 20న అది ‘అండర్ రివ్యూ’గా మారింది. కింద చెక్‌లిస్టులో మార్కుల ట్రాన్‌స్క్రిప్టులు, మూడు సిఫార్సు లేఖలు, టెస్ట్ స్కోర్లు అన్నింటి పక్కనా ఆకుపచ్చ టిక్కులు ఉన్నాయి. ఇక నేను చేయాల్సింది ఏమీ లేదనుకున్నాను. అవి చూసిన వాళ్లెవరైనా అలాగే అనుకుంటారు.

ఇంట్లో అమ్మకి ఆ పేజీ చూపించాను. అమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: “అండర్ రివ్యూ అంటే చూస్తున్నారనా, చూస్తారనా?” చూస్తున్నారని చెప్పాను. అది తప్పని నాకు ఫిబ్రవరిలో తెలిసింది.

ఫిబ్రవరి 3 రాత్రి 11:40కి ఫోన్‌కి మెయిల్ వచ్చింది. ‘మీ అప్లికేషన్‌లో మార్పు జరిగింది, లాగిన్ అయి చూడండి’ అని తప్ప అందులో ఇంకేమీ లేదు. ఏం మార్పో ఒక్క ముక్క రాసి ఉంటే ఎంత బాగుండేది! చేతులు వణుకుతుంటే పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను. ఓటీపీ వచ్చేసరికి పేజీ టైమ్ అయిపోయి మళ్లీ మొదటికొచ్చింది. చివరికి తెరిస్తే స్టేటస్ ‘ఇన్‌కంప్లీట్’ అని ఉంది. ఏం లోటో ఎక్కడా లేదు. చెక్‌లిస్టులో టిక్కులన్నీ ముందులాగే ఆకుపచ్చగా ఉన్నాయి. స్టేటస్ పక్కన చిన్న ప్రశ్నార్థకం గుర్తు ఉంటుంది కదా, అది నొక్కాను. ‘మీ అప్లికేషన్ అసంపూర్తిగా ఉంది’ అని వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

పొద్దున్నే మీ సపోర్ట్‌కి రాశాను. నాలుగు రోజులకి జవాబొచ్చింది: స్టేటస్ నిర్ణయించేది యూనివర్సిటీ కాబట్టి వాళ్లనే అడగమన్నారు. యూనివర్సిటీకి రాస్తే, పేజీలో కనిపించే మాటలు పోర్టల్ వాళ్లవి, వాళ్లనే అడగండి అన్నారు. ఇలా అటూ ఇటూ తిరుగుతూనే రెండు వారాలు పోయాయి. ఫిబ్రవరి 17న యూనివర్సిటీ ఆఫీసులో ఒక ఉద్యోగి ఓపిగ్గా నా ఫైల్ వెతికి అసలు సంగతి చెప్పారు. టెస్ట్ సంస్థ పంపిన అధికారిక స్కోర్ రిపోర్టులో నా ఇంటిపేరు ముందు ఉంది, మీ అప్లికేషన్‌లో వెనక ఉంది. రెండూ ఒకరివేనని మీ సిస్టమ్ పోల్చుకోలేదు. రిపోర్టు డిసెంబర్‌లోనే చేరినా ఎవరి ఫైల్‌లోనూ పడకుండా విడిగా ఉండిపోయింది. మరి చెక్‌లిస్టులో ఆ టిక్కు దేనికి? అప్లికేషన్‌లో నేనే టైప్ చేసిన స్కోర్‌కట. మనం రాసుకున్న స్కోర్ వేరు, టెస్ట్ సంస్థ నుంచి నేరుగా వచ్చే స్కోర్ వేరు. యూనివర్సిటీకి కావలసింది రెండోది. మీ చెక్‌లిస్టులో మాత్రం రెండింటికీ కలిపి ఒకటే వరుస, ఒకటే టిక్కు.

ఆ ఉద్యోగి రెండు రికార్డులూ కలపడానికి పది నిమిషాలు పట్టింది. స్టేటస్ మళ్లీ ‘అండర్ రివ్యూ’ అయింది. డిసెంబర్ 20న ఏ మాట ఉందో ఫిబ్రవరి 17నా అదే మాట. మొదటిసారి నా ఫైల్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లనే లేదు, రెండోసారి నిజంగా వెళ్లింది. ఈ తేడా నాకు ఆ పేజీ చూసి ఎలా తెలియాలి?

నష్టం కూడా జరిగింది. అసిస్టెంట్‌షిప్‌ల (యూనివర్సిటీలో పని చేస్తూ ఆర్థిక సాయం పొందే అవకాశాల) మొదటి విడత పరిశీలన అప్పటికే ముగిసిందని, మిగిలితే రెండో విడతలో చూస్తామని డిపార్ట్‌మెంట్ వాళ్లు మర్యాదగానే రాశారు. వాళ్ల తప్పేం లేదు, ఫైల్ చేరిందే ఫిబ్రవరి 17న. డిసెంబర్ 20న మీ పేజీలో ‘అధికారిక స్కోర్ ఇంకా జతకాలేదు’ అని ఉండి ఉంటే ఆ వారంలోనే సరిచేయించుకునేవాణ్ణి. ఇంటిపేరు ముందు రాసే వాళ్లు ప్రపంచంలో కోట్లమంది ఉన్నారు. ఈ ఇబ్బంది నా ఒక్కడికే వచ్చి ఉంటుందని నేను అనుకోను.

ఒక అప్లికేషన్ ఎన్ని చేతులు మారుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. కాగితాలన్నీ వచ్చాయో లేదో చూడాలి, స్కోర్లు జతచేయాలి, ఫైల్‌ని డిపార్ట్‌మెంట్‌కి పంపాలి. అక్కడ కమిటీ చదివి సిఫార్సు చేస్తుంది. చాలాచోట్ల దాన్ని గ్రాడ్యుయేట్ స్కూల్ (యూనివర్సిటీలో పీజీ కోర్సులు చూసే విభాగం) ఖాయం చేశాకే లెటర్ వస్తుంది. డిపార్ట్‌మెంట్ సరేనన్నా లెటర్ చేతికి రావడానికి రోజులు పట్టేది అందుకే. ఇన్ని మెట్లకీ కలిపి మీరు పెట్టింది ఒక్క మాట. ఫైల్ ఏ మెట్టు మీద ఉన్నా మాకు కనిపించేది ‘అండర్ రివ్యూ’నే. దాంతో అప్లై చేసిన వాళ్లం ఊహల మీద బతుకుతున్నాం. తేదీ మారితే మంచి సూచనా, పేజీలో ఒక బటన్ మాయమైతే రిజెక్ట్ చేశారా అని ఒకరినొకరు అడుగుతూ రోజులు గడుపుతున్నాం.

మెయిళ్ల సంగతి కూడా చెప్పాలి. మార్చి 2న మళ్లీ అదే మెయిల్, ‘మీ అప్లికేషన్‌లో మార్పు జరిగింది’ అని. గుండె దడతో తెరిస్తే మీ ప్రైవసీ పాలసీ మారిందట, చదివి ఒప్పుకోవాలట. నిర్ణయం కోసం ఎదురుచూసే మనిషికి దీన్నీ ఆ మాటలతోనే పంపడం దయచేసి ఆపండి. ఇంకో సంగతి మీ సపోర్ట్ వాళ్లే మాటల్లో చెప్పారు: స్టేటస్‌లు రాత్రిపూట ఒక్కసారే అప్‌డేట్ అవుతాయట. పగలంతా పేజీ రిఫ్రెష్ చేసినా ఫలితం ఉండదన్నమాట. రోజుకి పది పదిహేనుసార్లు తెరిచి చూసేవాణ్ణి. ఆ ఒక్క వాక్యం పేజీ అడుగున ఉంటే సగం టెన్షన్ తగ్గేది.

ఇది చేయలేని పనేం కాదు. బ్రిటన్‌లో డిగ్రీ చేరికలు చూసే యూకాస్ వ్యవస్థలో ఆఫర్ వస్తే అది షరతులతోనా, షరతుల్లేకుండానా అన్నది స్పష్టంగా ఉంటుంది. ఆ మాటలకి అర్థమేమిటో, విద్యార్థి తర్వాత ఏం చేయాలో వాళ్లే వివరించి పెట్టారు. మీరూ ఆ పని చేయండి. ఫైల్ ప్రస్తుతం ఎవరి దగ్గరుంది, నా వైపు నుంచి ఏమైనా కావాలా, ఈ రెండూ ప్రతి స్టేటస్ కింద మామూలు మాటల్లో రాయండి. ఏమీ అక్కర్లేకపోతే అక్కర్లేదనే రాయండి, అదీ మాకు పెద్ద ఊరటే. ‘ఇన్‌కంప్లీట్’ అన్నప్పుడు లోటేమిటో పేరు పెట్టి చెప్పండి. టెస్ట్ స్కోర్లకి రెండు వరుసలు పెట్టండి. స్కోర్ చేరి ఎవరి ఫైల్‌లోనూ జతకాకపోతే, పుట్టిన తేదీ కలిసిన అభ్యర్థి ఎవరైనా ఉన్నారేమో ఒక మనిషి చూసేలా ఏర్పాటు చేయండి.

నా విషయంలో ఇప్పుడు అడిగేది ఇది. ఫీజు వాపసు అడగడం లేదు. డిసెంబర్ 20 నుంచి ఫిబ్రవరి 17 వరకు నా ఫైల్‌కి జరిగింది తేదీలతో సహా ఒక ఉత్తరంగా రాసి నాకూ, యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసుకీ పంపండి. ఆలస్యం నా నిర్లక్ష్యం వల్ల కాలేదని డిపార్ట్‌మెంట్‌కి చూపించడానికి నా దగ్గర ఇప్పుడు ఏ ఆధారమూ లేదు.

తొందర ఎందుకంటే, వేరే యూనివర్సిటీ నాకు అసిస్టెంట్‌షిప్‌తో సీటిచ్చింది. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే యూనివర్సిటీల సంఘం తీర్మానం మీద సంతకం చేసిన యూనివర్సిటీలు ఆర్థిక సాయంతో ఇచ్చే ఆఫర్లకి ఏప్రిల్ 15 కంటే ముందే జవాబు చెప్పి తీరాలని విద్యార్థిని బలవంతపెట్టకూడదు. నాకు ఆఫర్ ఇచ్చిన వాళ్లు ఆ తేదీ వరకు గడువిచ్చారు. ఆలోగా జవాబివ్వకపోతే ఆ సీటు వదులుకోవాల్సి వస్తుంది. మీ ఉత్తరం ఏప్రిల్ 5 లోగా అందితే, రెండో విడతలోనైనా నా పేరు చూడమని డిపార్ట్‌మెంట్‌ని అడగడానికి నాకు పది రోజులు ఉంటాయి.

డిసెంబర్ 20, ఫిబ్రవరి 3, ఫిబ్రవరి 17 తేదీల స్క్రీన్‌షాట్లు, మీ సపోర్ట్‌తో జరిగిన మెయిళ్లు, అప్లికేషన్ నంబర్ జతచేస్తున్నాను.

ఇట్లు,
దరఖాస్తుదారు
(పేరు, వివరాలు జతచేసిన పత్రంలో ఉన్నాయి)