ముందు పనిని గీయరా

ఏరా,

నీ ఉత్తరం అందింది. మీ శాఖ మొత్తానికి కంప్యూటర్ వ్యవస్థ ప్లాన్ చేసే బాధ్యత నీకిచ్చారని చదవగానే చాలా సంతోషమేసింది. కానీ "ఏ సాఫ్ట్‌వేర్ కొంటే మంచిది?" అని అడిగావు చూడు, అక్కడే కాస్త కంగారు పడ్డాను. ఆ ప్రశ్న ఇప్పుడే వద్దురా. ముందు అక్కడ పని ఎలా జరుగుతోందో కాగితం మీద గీయి.

దీనికి బీపీఎమ్ఎన్ (బిజినెస్ ప్రాసెస్ మోడల్ అండ్ నోటేషన్) అనే గుర్తుల పద్ధతి ఉంది. 2004లో మొదలై, 2013కల్లా ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది. పెట్టె అంటే ఒక పని, డైమండ్ అంటే దారి చీలే చోటు, గుండ్రం అంటే మొదలో చివరో. ఒక్కో సెక్షన్‌కి ఒక్కో పట్టీ గీసి, ఎవరి పని వాళ్ల పట్టీలో పెట్టు. ఫైలు ఒక పట్టీలోంచి ఇంకో పట్టీలోకి దాటే బాణాల మీదే కన్నేసి ఉంచు. ఫైళ్లు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే.

నిబంధనల పుస్తకం చూసి మాత్రం గీయకు. నేను మొదటిసారి అలాగే గీసి, సీట్లో పనిచేసే ఒకావిడకి చూపించాను. "దరఖాస్తులో కాగితం తక్కువైతే ఎటు వెళ్తుంది సార్?" అని అడిగింది. నా బొమ్మలో ఆ దారే లేదు. ఆవిడ అలాంటి వాటికోసం సొంతంగా నోటుబుక్ పెట్టుకుని, రోజూ ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తోంది. సగం ఆఫీసు నడిచేది ఆ నోటుబుక్కు మీదే! అది సిస్టమ్‌లోకి రాకపోతే ఎంత ఖర్చుపెట్టినా ఆవిడ కష్టం తీరదు.

గీశాక ప్రతి పెట్టె పక్కనా అది ఏ నిబంధన వల్ల ఉందో రాయి. ఏ నిబంధనా లేకపోతే ఆ సంతకం ఎందుకని అడుగు. అలాగని అన్నీ కొట్టెయ్యకు. తనిఖీ చేసేవాళ్లు, మంజూరు చేసేవాళ్లు వేరువేరుగా ఉండాలి, అది రక్షణ. చట్టం అడిగే మెట్టు తీసేయాలంటే ముందు చట్టమే మారాలి, దానికి టైమ్ పడుతుంది.

ఇక నాకు బాగా ఇష్టమైన భాగం. పెద్ద పట్టిక గీసి, నిలువునా పనులు, అడ్డంగా సమాచారం రాయి: పౌరుడి వివరాలు, లైసెన్సు, రుసుము, ఇలా. ఒక్కో గడిలో ఆ పని ఆ సమాచారాన్ని పుట్టిస్తోందా, వాడుకుంటోందా అని గుర్తుపెట్టు. ఐబీఎం వాళ్ల బిజినెస్ సిస్టమ్స్ ప్లానింగ్ పద్ధతి ఇదే. ఒకే చిరునామాని నాలుగు పనులు పుట్టిస్తున్నాయంటే, పాపం, పౌరుడు దాన్ని నాలుగుసార్లు రాసిస్తున్నాడన్నమాట. అది ఎవరి దగ్గర పుట్టాలో అప్పుడే తేల్చెయ్యి. ఒకే సమాచారం చుట్టూ తిరిగే పనులని పక్కపక్కకి జరిపితే గుంపులు కనిపిస్తాయి. ఒక్కో గుంపూ ఒక్కో సిస్టమ్. మిగతావాళ్లందరికీ కావలసిన సమాచారం పుట్టే సిస్టమ్‌ని ముందు కట్టు. సెక్షన్ల లెక్కన విడగొట్టావో, రేపు ఆ సెక్షన్లు కలిపేసిన రోజున మళ్లీ మొదటికొస్తావు. సెక్షన్ల పేర్లు మారినా లైసెన్సు ఇచ్చే పని ఉండనే ఉంటుంది కదా.

టెండర్ కాగితాలు ముట్టుకోకముందే ఒక్క సేవని పూర్తిగా గీసి నాకు ఫోటో పంపు. సీట్లో కూర్చునేవాళ్లకి చూపించాకే సుమా. వాళ్లేమన్నారో కూడా రాయి.

ఎప్పటికీ నీ
స్నేహితుడు