మంత్రి గారూ, విరిగిన కాలికి ఆరు నెలల గడువు ఏ లెక్కన?

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2023 డిసెంబరులో ఒక రాత్రి నేను ఎక్కిన ప్రైవేటు బస్సు, హైవే మీద లైట్లు లేకుండా ఆగివున్న లారీని వెనక నుంచి గుద్దింది. నాకు కుడి చెయ్యి, రెండు పక్కటెముకలు విరిగాయి. నా పక్క సీటావిడకి కుడి కాలు మోకాలి కింద నుజ్జయింది. అంతకుముందు మేమిద్దరం ఒకరికొకరం తెలియదు. ఒకే అంబులెన్సులో వెళ్ళాం, ఒకే వార్డులో పడుకున్నాం, అప్పట్నుంచి ఆవిడ నాకు అక్క అయింది. ఈరోజు నా పరిహారం క్లెయిమ్, ఇలాంటి ప్రమాద కేసులు వినే ట్రిబ్యునల్లో నడుస్తోంది, అక్క క్లెయిమ్ కొట్టేశారు. ఒకే బస్సు, ఒకే లారీ, ఒకే ఎఫ్ఐఆర్. తేడా ఏమిటంటే నేను ఐదో నెలలో పరిహారం పిటిషన్ వేశాను, అక్క ఎనిమిదో నెలలో వేసింది.

మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్‌లో మూడో ఉపసెక్షన్ ఉంది. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు పెట్టకపోతే దాన్ని అసలు స్వీకరించకూడదని దాని సారాంశం. ఆలస్యానికి కారణం చెప్పుకునే వీలు కూడా అందులో లేదు. కోమాలో ఉన్నానన్నా, మంచం దిగలేకపోయానన్నా వినే అధికారం ట్రిబ్యునల్‌కి ఇవ్వలేదు. 2019 సవరణలో పెట్టిన ఈ నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

అక్కకి ఆ ఆరు నెలలు ఎలా గడిచాయో నేను దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతున్నాను. మొదటి నెలలో రెండు ఆపరేషన్లు. రెండో నెలలో గాయం చీము పట్టింది, మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళారు, తొడ మీది చర్మం తీసి మోకాలి కింది గాయం మీద వేశారు. మూడు, నాలుగు నెలలు మంచం మీదే, బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా ఇద్దరు పట్టుకోవాలి. ఐదో నెలలో వాకర్. ఇంట్లో సంపాదించేది ఆవిడొక్కతే, మిషను మీద బట్టలు కుట్టేది, ఇప్పుడు ఆ మిషను తొక్కడానికి కాలే సహకరించదు. అప్పు తెచ్చుకోవడం, డ్రెస్సింగ్‌కి ఆటో మాట్లాడుకోవడం, కూతురి ఫీజు కట్టడం, వీటి మధ్య ఆవిడకి లాయర్ దగ్గరికి వెళ్ళాలన్న ఆలోచన ఎప్పుడు వస్తుంది? వచ్చినా ఏ కాలితో వెళుతుంది?

నాకు గడువు సంగతి తెలియడం నా గొప్పేం కాదు. మా బాబాయి కొడుకు ఒక లాయర్ దగ్గర గుమస్తాగా పనిచేస్తాడు. పలకరించడానికి వచ్చినవాడు డిశ్చార్జ్ సమ్మరీ, వూండ్ సర్టిఫికెట్, బిల్లులు, ఎఫ్ఐఆర్ కాపీ అన్నీ ఒక ఫైల్లో పెట్టించి, ఎడమ చేత్తో నా వేలిముద్ర తీసుకుని మరీ కేసు వేయించాడు. ప్రమాదం జరిగిన ఊళ్ళోనే కాదు, మనం ఉండే చోటి ట్రిబ్యునల్లో కూడా వేయొచ్చని అప్పుడే నాకు తెలిసింది. అలాంటి అన్నయ్య అక్కకి లేడు, అంతే.

చట్టం రాసినవాళ్ళు అక్క లాంటివాళ్ళ గురించి ఆలోచించలేదని నేను అనను, ఆలోచించారు. అదే 166వ సెక్షన్‌లో నాలుగో ఉపసెక్షన్ ప్రకారం పోలీసులు ట్రిబ్యునల్‌కి పంపే ప్రమాద నివేదికనే పరిహారం దరఖాస్తుగా తీసుకోవాలి. అంటే బాధితురాలు మంచం మీద ఉన్నా, ఆమె తరఫున పోలీసు రిపోర్టు దరఖాస్తు అవుతుంది. మీ శాఖ 2022లో తెచ్చిన రూల్స్ ప్రకారం మొదటి నివేదిక 48 గంటల్లో, వివరమైన నివేదిక 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కి చేరాలి. బాధితులకి వాళ్ళ హక్కులేమిటో, క్లెయిమ్ ఎలా నడుస్తుందో చెప్పే ఫారం ఒకటి పది రోజుల్లోపు దర్యాప్తు అధికారి చేతికివ్వాలి. 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఇవన్నీ అమలు చేయమని, పోలీస్ స్టేషన్లలో మోటారు ప్రమాద క్లెయిములు చూసుకోవడానికి ప్రత్యేక యూనిట్లు పెట్టమని చెప్పింది.

మా ప్రమాదం జరిగింది ఆ తీర్పు వచ్చిన ఏడాదికి. మా వార్డుకి పోలీసులు వచ్చారు, స్టేట్‌మెంట్ రాసుకున్నారు, వెళ్ళారు. ఆ ఫారం నాకూ ఇవ్వలేదు, అక్కకీ ఇవ్వలేదు, మా వార్డులో ఉన్న మిగతా ఐదుగురికీ ఇవ్వలేదు. వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌కి చేరలేదని అక్క కేసు విచారణలో బయటపడింది. ఆ నివేదిక సకాలంలో వెళ్ళి ఉంటే ఆవిడ విడిగా కేసు వేయకపోయినా దరఖాస్తు ఉన్నట్టే లెక్క. పోలీసులకి 90 రోజుల గడువు దాటితే ఏమీ కాలేదు, ఆవిడకి ఆరు నెలల గడువు దాటితే మాత్రం తలుపు మూసేశారు. మంత్రి గారూ, నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. గడువు పెడితే ఇద్దరికీ పెట్టండి, లేదా మంచం మీద ఉన్న మనిషికైనా తీసేయండి.

అప్పిచ్చిన డబ్బు రాబట్టుకోవడానికి మామూలు దావా వేయాలంటే మూడేళ్ళ టైముంది. రైలు ప్రమాదంలో గాయపడితే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కి వెళ్ళడానికి ఏడాది టైముంది, ఆ ఏడాది దాటినా సరైన కారణం చూపిస్తే వింటారు. బస్సెక్కిన పాపానికి మాకు మాత్రం ఆరు నెలలు, కారణం చెప్పినా వినరు. రైల్లో విరిగిన కాలు, బస్సులో విరిగిన కాలు వేరువేరు కాళ్ళా?

పైగా ఇది కొత్తగా చేసిన తప్పు కూడా కాదు, ఒకసారి చేసి దిద్దుకున్నదే. 1988 చట్టం మొదట్లో ఆరు నెలలే పెట్టింది, కారణం ఉంటే ఏడాది దాకా ఆలస్యాన్ని మన్నించేవారు. 1994లో పార్లమెంటే ఆ గడువుని పూర్తిగా ఎత్తేసింది. ఎందుకు ఎత్తేశారో 1996లో ధన్నాలాల్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది కూడా. క్లెయిమ్ వేయాల్సినవాళ్ళలో ఎక్కువమందికి గడువు సంగతే తెలియదు, తెలియకపోవడం వల్లే వాళ్ళకి అన్యాయం జరుగుతోందని పార్లమెంటు గుర్తించిందని. ఆ మాట ఇప్పుడు మాత్రం ఎక్కడ మారింది? మా వార్డులో ఉన్న ఏడుగురిలో ఈ గడువు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు, నాతో కలిపి.

దొంగ క్లెయిములు, పాత కేసులు తవ్వి తీసేవాళ్ళు ఉన్నారని మీవాళ్ళు అంటారు. ఉండొచ్చు, కాదనను. దొంగ క్లెయిమ్‌ని సాక్ష్యం చూసి కొట్టేయడానికే ట్రిబ్యునల్ ఉంది. ఎఫ్ఐఆర్‌లో పేరుండి, ఆస్పత్రి రికార్డులో పేరుండి, ప్రమాదం రాత్రే అడ్మిట్ అయిన మనిషిని దొంగతో కలిపి ఒకే కత్తెరతో కత్తిరించడం ఏం న్యాయం?

ఆరు నెలలు ఎందుకు చాలవో మీకు ఇంకో కోణం నుంచి కూడా చెప్పాలి. గాయపడ్డవాళ్ళకి అసలు నష్టం ఎంతో వెంటనే తెలియదు. ఎముక అతుక్కుంటుందా, రాడ్డు తీసేస్తారా, కాలు వంగుతుందా అన్నది తేలాకే మెడికల్ బోర్డు వైకల్యం పర్సంటేజీ ఇస్తుంది. అక్క కాలికి ఇచ్చింది 45 శాతం. కానీ 45 శాతం అంటే ఆదాయంలో 45 శాతం పోయినట్టు కాదు, కాలితో మిషను తొక్కి బతికే మనిషికి పని మొత్తం పోయింది. 2010లో రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే చెప్పింది. ఎడమ చెయ్యి పోతే గుమస్తాకి ఉద్యోగం మిగలొచ్చు, డ్రైవర్‌కో వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోతుంది, కాబట్టి సర్టిఫికెట్లో అంకె చూసి కాకుండా ఆ మనిషి చేసే పని చూసి లెక్క కట్టమని. ఎంత మంచి తీర్పు అది! కానీ ఆ లెక్క దాకా వెళ్ళే అవకాశమే అక్కకి రాలేదు. ముందు కేసు వేసేసి సర్టిఫికెట్ తర్వాత పెట్టుకోవచ్చు నిజమే. ఆ మాట చెప్పేవాళ్ళెవరు ఆస్పత్రిలో?

చెప్పడానికి వచ్చినవాళ్ళు లేకపోలేదు. మూడో వారంలో ఇన్సూరెన్స్ తరఫున ఒకతను వచ్చాడు. తప్పెవరిదో నిరూపించక్కర్లేదు, 164వ సెక్షన్ కింద తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు త్వరగా వస్తాయి, ఇక్కడ సంతకం పెట్టండి అన్నాడు. మంచి నిబంధనే అది, చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్ళకి పెద్ద ఆసరా. కానీ ఆ పరిహారం ఒప్పుకుంటే ట్రిబ్యునల్లో పూర్తి నష్టానికి వేసే పిటిషన్ రద్దయిపోతుందని అతను చెప్పలేదు, మా అన్నయ్య చెప్పాడు. జీవితాంతం పోయిన సంపాదన ఒక పక్క, రెండున్నర లక్షలు ఇంకో పక్క. నొప్పికి ఇంజెక్షన్ వేయించుకుని మగతలో ఉన్న మనిషి చేత అలాంటి సంతకం పెట్టించకూడదని కనీసం ఒక రూల్ ఉండాలి.

ఇక బాధ్యత ఎవరిదన్న వాదన. బస్సు వాళ్ళు ట్రిబ్యునల్‌కి ఇచ్చిన జవాబులో, అంటే కౌంటర్‌లో, తప్పంతా లారీదేనట, లైట్లు లేకుండా రోడ్డు మీద ఆపాడట. లారీ ఇన్సూరెన్స్ కౌంటర్‌లో తప్పంతా బస్సు డ్రైవర్‌దట, నిద్రమత్తులో ఉన్నాడట. సీట్లో కూర్చున్న నా తప్పేమీ లేదని ఇద్దరూ ఒప్పుకుంటూనే నా డబ్బు మాత్రం ఎదుటివాడే ఇవ్వాలంటున్నారు. ఇద్దరి తప్పూ కలిసి ప్రయాణికుడికి దెబ్బ తగిలితే మొత్తం పరిహారం ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చని, వాటాల సంగతి వాళ్ళూ వాళ్ళూ తేల్చుకోవాలని 2015లో ఖెన్యీ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అయినా ఆ వాదనతోనే మాకు వాయిదా మీద వాయిదా పడుతోంది. నాకు ఓపికుంది, భరిస్తున్నాను.

2025 నవంబరులో సుప్రీంకోర్టు ఒక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఈ ఆరు నెలల నిబంధనని సవాలు చేసిన పిటిషన్లు తేలేదాకా ఆ కారణంతో క్లెయిములు కొట్టేయొద్దని ట్రిబ్యునళ్ళకీ హైకోర్టులకీ చెప్పింది. ఆ వార్త చదివి అక్కకి ఫోన్ చేస్తే, మరి నాది ముందే కొట్టేశారు కదా అంది. నిజమే. ఇప్పుడు ఆవిడ హైకోర్టుకి వెళ్ళాలి, మళ్ళీ లాయర్, మళ్ళీ ఖర్చు. రేపు తుది తీర్పు ఎటు వస్తుందో అని టెన్షన్ పడుతూ కూర్చోవాల్సింది ఆవిడేనా? 1994లో కోర్టు కోసం ఆగకుండా పార్లమెంటే ఆ పని చేసింది. మీరూ చేయొచ్చు. ఆ ఉపసెక్షన్‌ని ఎత్తేసే బిల్లు పెట్టండి, 2022 ఏప్రిల్ 1 నుంచి గడువు పేరుతో కొట్టేసిన క్లెయిములన్నిటినీ మళ్ళీ తెరిచే వీలు అందులోనే రాయండి. ఆ రెండో మాట లేకపోతే అక్కకి ఉపయోగం లేదు.

బిల్లుకి టైము పడుతుందని తెలుసు. ఈలోపు మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. 2025 మే నుంచి ప్రమాద బాధితులకి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా క్యాష్‌లెస్ వైద్యం ఇచ్చే పథకం తెచ్చారు. మాకు అది అందే కాలం కాదు గానీ, ఇప్పుడు గాయపడేవాళ్ళకి ప్రాణం నిలిపే పథకం, దానికి మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఆ పథకం కోసం ఆస్పత్రిలో బాధితుడి వివరాలు ఎలాగూ పోర్టల్లో ఎక్కిస్తున్నారు. అప్పుడే అతని ఫోన్‌కీ, ఇంట్లోవాళ్ళ ఫోన్‌కీ తెలుగులో ఒక మెసేజ్ వెళ్ళేలా చేయండి: మీ పోలీసు నివేదిక ట్రిబ్యునల్‌కి చేరిందా లేదా, చేరకపోతే ఏ తేదీలోపు ఎక్కడ దరఖాస్తు పెట్టాలి, ఉచిత న్యాయ సహాయానికి ఎవరిని అడగాలి. డిశ్చార్జ్ సమ్మరీతో పాటు అదే కాగితం మీద కూడా ఇవ్వండి. 90 రోజుల్లో నివేదిక పంపని స్టేషన్ల జాబితాని మీ పోర్టల్లోనే అందరికీ కనిపించేలా పెట్టండి.

మా ఇద్దరి కేసు కాగితాలూ నా దగ్గరున్నాయి, ఒకే ఎఫ్ఐఆర్ నంబరుతో రెండు కేసులు. మీ కార్యాలయం నుంచి ఎవరు అడిగినా కాపీలు పంపిస్తాను. పిలిస్తే ఇద్దరం వస్తాం, అక్కకి మెట్లు ఎక్కడం కష్టం కాబట్టి కింది అంతస్తులో కలిసే ఏర్పాటు చేస్తే చాలు.

ఇట్లు,
ఆ బస్సులోని ఒక ప్రయాణికురాలు