హోమ్ థియేటర్‌తో మిక్సింగా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ సాంకేతిక సలహాల శీర్షికలో ఒక తండ్రి అడిగిన ప్రశ్న చదివాను. డిగ్రీ చదివే కొడుకు ఇంట్లోనే పాటలు మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసిన గొంతునూ వాయిద్యాలనూ పాళ్లు చూసి కలపడం) చేసుకుంటానంటున్నాడట, స్టూడియో మానిటర్ స్పీకర్లు (శబ్దాన్ని ఉన్నదున్నట్టు వినిపించేవి) కొనిపెట్టమని పట్టుబడుతున్నాడట. ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్ చాలదా అని ఆయన సందేహం. రెండూ స్పీకర్లేననీ, కొనాలనుకుంటే వాట్లు ఎక్కువున్నవి చూసి కొనమనీ మీ శీర్షిక జవాబిచ్చింది. పాతికేళ్లకు పైగా ఈ పని మీదే బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

సినిమా చూసేటప్పుడు ఒళ్లు ఝల్లుమనాలని హోమ్ థియేటర్‌లో కింద బేస్‌నీ (బరువైన మోత) పైన ట్రెబుల్‌నీ (సన్నటి శబ్దం) తయారుచేసేవాళ్లే కాస్త పెంచి పెడతారు. తప్పేం లేదు, అది కొనేది అందుకే. కానీ దాని ముందు కూచుని మిక్సింగ్ చేస్తే బేస్ దండిగా ఉందనుకుని మనం తగ్గించేస్తాం. ఆ పాటే తర్వాత ఇంకోచోట వింటే నీళ్ల మజ్జిగలా ఉంటుంది. మానిటర్ అలా పూతలు పూయదు. గాయని ఊపిరి పీల్చిన చప్పుడు, మైకు ముందు కాగితం తిప్పిన చప్పుడు, రికార్డింగ్‌లో రెండు ముక్కలు అతికించిన చోటు, అన్నీ బయటపెడుతుంది. మొదటిసారి విన్నవాళ్లు 'ఇంత డబ్బు పోసింది దీనికా' అంటారు. మా ఆవిడ కూడా అదే అంది.

1997లో హైదరాబాద్‌లో ఒక చిన్న క్యాసెట్ల స్టూడియోలో చేరాను. టీలు తేవడం, కేబుళ్లు చుట్టడం నా పని. అక్కడ బల్ల మీద యమహా ఎన్‌ఎస్-10 జత ఉండేది. నల్ల పెట్టె, తెల్లటి కోన్ (శబ్దం పుట్టించే గరాటు). రెండు ట్వీటర్ల (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్లు) మీదా టిష్యూ కాగితం అతికించి ఉంది. ప్యాకింగ్ తీయడం మరిచిపోయారనుకుని, చేరిన మూడో రోజున పీకేసి, శుభ్రంగా తుడిచి పెట్టాను. గురువుగారు వచ్చి సగం పాట విన్నారో లేదో, 'ఎవడ్రా ఆ కాగితం పీకింది?' అని లేచారు. ఆ స్పీకర్లో పై స్వరాలు మరీ పదును. ఆ పదును తగ్గించడానికే కాగితం. విదేశాల్లోని పెద్ద పెద్ద స్టూడియోల్లోనూ ఇదే చిట్కా నడిచేదని తర్వాత తెలిసింది.

ఆ స్పీకర్ కథ ఆ తండ్రిగారికి చెప్పాల్సినదే. 1978లో యమహా దాన్ని తెచ్చింది ఇళ్లలో పాటలు వినడానికి. ఇళ్లవాళ్లకు నచ్చలేదు. బేస్ తక్కువ, మధ్య స్వరాలు మొహాన కొట్టినట్టు ఉంటాయి. గొంతు ఉండేదీ, చాలా వాయిద్యాలు ఒకదాన్నొకటి తోసుకునేదీ ఆ మధ్యలోనే కదా, అందుకని స్టూడియోలవాళ్లు దాన్ని పట్టుకున్నారు. పెట్టెకు ఎక్కడా రంధ్రం లేదు, పూర్తిగా మూసే ఉంటుంది. దరువు ఎక్కడ ఆగితే శబ్దం అక్కడే ఆగుతుంది, వెనక తోక లాగదు. కోన్‌కు వాడే కలప గుజ్జు దొరక్క 2001లో తయారీ ఆపేశారు. 2008లో దానికే టెక్నికల్ గ్రామీ (రికార్డింగ్ రంగంలో సాంకేతిక కృషికి ఇచ్చే అమెరికా అవార్డు) ఇచ్చారు. ఇంట్లోవాళ్లు వద్దన్న స్పీకర్ అది!

ఇక నా తెలివితక్కువతనం. 2009లో హనుమకొండలో సొంతంగా ఒక గది తీసుకున్నాను. పొడవు పది అడుగులు, వెడల్పు పది, ఎత్తూ పదే. ముచ్చటగా ఉందనుకున్నాను. చీటీ పాడుకుని ఎనిమిది అంగుళాల వూఫర్లున్న (బేస్ పలికే పెద్ద కోన్లు) మానిటర్లు కొన్నాను. ఇంచులు పెరిగేకొద్దీ పాట పెరుగుతుందన్నాడు షాపతను. కుర్చీ సరిగ్గా గది నడిమధ్యన వేశాను. మొదటి పని ఒక పల్లె బృందం బతుకమ్మ పాటలు. ఎంత పెంచినా అడుగు బేస్ రావడం లేదు. ఇంకాస్త పెంచాను. ఇచ్చిన మర్నాడే ఫోను: 'అన్నా, కారులో పెడితే అద్దాలు గజగజ వణుకుతున్నయి, అక్క గొంతే వినవస్తలేదు.'

మళ్లీ పాట పెట్టుకుని, టీ వచ్చిందని తలుపు దగ్గరికి వెళ్లాను. అక్కడ బేస్ గుబగుబలాడుతోంది! కుర్చీ దగ్గరికొస్తే మాయం. పది అడుగుల గదిలో 56 హెర్ట్జ్ (సెకనుకు 56 కంపనాలు) దగ్గరి శబ్దం, అంటే అడుగు బేస్, రెండు గోడల మధ్య ఇరుక్కుని నిలబడిపోతుంది. గోడల దగ్గర ఉబ్బిపోయి, సరిగ్గా మధ్యలో దాదాపు లేకుండా పోతుంది. నా గదిలో మూడు కొలతలూ ఒకటే కావడంతో మూడు దిక్కులా అదే అవస్థ. లక్షల స్పీకర్ పెట్టినా ఆ కుర్చీలో బేస్ వినపడేది కాదు. మూడు రాత్రులు కూచుని ఆ పాటలన్నీ డబ్బు తీసుకోకుండా మళ్లీ చేసిచ్చాను.

కుర్చీ అడుగుకు పైగా ముందుకు జరిపాను. వడ్రంగితో చెక్క ఫ్రేములు కొట్టించి, శబ్దాన్ని పీల్చుకునే రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూదిలాంటిది) నాలుగు అంగుళాల మందం నింపి, టెంట్‌హౌస్ వాళ్ల దగ్గర పాత గుడ్డ కొని చుట్టి, మూలల్లోనూ పక్క గోడలకూ పెట్టాను. పెద్ద మానిటర్లు అమ్మేసి అయిదు అంగుళాలవి తెచ్చుకున్నాను. ఇప్పటికీ అవే. (శబ్దం అణుగుతుందని కొందరు గోడలకు అతికించే కోడిగుడ్ల అట్టల సంగతి అడుగుతారేమో, అదీ చేసి చూశాను. బేస్‌కు అవి ఉన్నా లేనట్టే. బొద్దింకలు మాత్రం సంతోషించాయి.)

అందుకని ఆ తండ్రిగారికి నా మాట: అబ్బాయి అడిగింది సబబే, కొనిపెట్టండి. కానీ చిన్న గదైతే అయిదు అంగుళాలు చాలు, మిగిలిన డబ్బు గది మీద పెట్టించండి. మూలల్లోకి నెట్టొద్దు, బేస్ ఉబ్బుతుంది. రెండు స్పీకర్లకూ మధ్య ఎంత దూరమో, వాటినుంచి తలకూ అంతే దూరం ఉండాలి. ట్వీటర్ చెవి ఎత్తుకు రావాలి. ఈ రకంలో చాలావాటికి ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. ఇంకో సంగతి, బొమ్మలో జత చూపించి ఒక్కదాని ధర రాసే అలవాటు అమ్మేవాళ్లలో ఉంది. అడిగి కొనండి.

వాట్ల గురించి రాశారు కదా. చిన్న గదిలో మూడు నాలుగు అడుగుల దూరాన కూచునేవాడికి వాట్లతో పనేముంది? సౌండ్ తగ్గితే మన చెవికి బేస్, ట్రెబుల్ ముందు పోతాయి, పెంచితే అవి వచ్చేస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అందుకే గట్టిగా పెడితే ప్రతి పాటా బాగున్నట్టే ఉంటుంది. పాట రాసినాయన వచ్చి 'పెంచండి, పెంచండి' అంటారు, పెంచగానే 'అద్భుతం' అని వెళ్లిపోతారు. ఆయన గేటు దాటాక నేను మళ్లీ మాట్లాడుకునేంత సౌండ్‌కు తగ్గించి పని మొదలుపెడతాను.

అంతా అయ్యాక కింద టైలర్ షాపుకు దిగుతాను. అక్కడ అరచేతిలో పట్టేంత స్పీకర్ ఒకటుంది. అందులో పాట పెట్టించి, మిషన్ ఆపొద్దని చెబుతాను. ఆయన కుట్టుకుంటూనే రెండో చరణం పదాలు తిరిగి చెప్పగలిగితే ఆ రోజుకు ఫైలు పంపేస్తాను. చెప్పలేకపోతే మళ్లీ మెట్లెక్కుతాను.

వచ్చే ఆదివారం ఆ శీర్షికలో ఒక సవరణ వేయగలరు. అబ్బాయి ఈలోగా హోమ్ థియేటర్ మీద పని మొదలుపెట్టకుండా ఉంటే బాగుండు.

ఇట్లు,
ఒక సౌండ్ ఇంజనీర్, హనుమకొండ
(పేరు వేయవద్దని మనవి)