మొదటి మిడ్ అయిన వారంలోనే పిల్లల్ని పట్టించుకోవాలి

సంపాదకులకు,

బీటెక్ ఫస్టియర్ ఫలితాలు వచ్చినప్పుడల్లా ఇంతమంది ఎందుకు తప్పారని అందరం బాధపడతాం. అప్పటికి చేయగలిగింది ఏమీ మిగలదు. ఆ పిల్లలు ఇబ్బందుల్లో ఉన్న సంగతి సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే మొదటి పరీక్ష, అంటే మొదటి మిడ్ మార్కుల్లోనే తెలిసిపోతుంది. వారంలోపు కారణం వెతికి, ఒక చిన్న మార్పు చేసి, రెండో మిడ్‌లో దాని ఫలితం చూసుకుంటే చాలామందిని నిలబెట్టవచ్చు. నగర శివారులోని ఒక ప్రైవేటు కాలేజీలో ఫస్టియర్‌కు మ్యాథ్స్ చెబుతున్న అనుభవంతో ఈ మాట అంటున్నాను.

వెనకబడినవాళ్ల కోసం మా దగ్గర సాయంత్రం నాలుగు దాటాక రెమిడియల్ క్లాసు ఉండేది. రావాల్సినవాళ్లే వచ్చేవాళ్లు కాదు. వాళ్లకు శ్రద్ధ లేదని స్టాఫ్‌రూంలో అనుకునేవాళ్లం. ఒకరోజు ఆ క్లాసు హాజరు పట్టీని, బస్సు రూట్ల జాబితాను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆగి వింటున్నవాళ్లలో దాదాపు అందరూ హాస్టల్ పిల్లలే. రానివాళ్లు షాద్‌నగర్, చేవెళ్ల వైపు నుంచి వచ్చేవాళ్లు. కాలేజీ బస్సు నాలుగూ పదికి కదులుతుంది. అది తప్పితే ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది, ఆడపిల్లలకైతే ఇంట్లో ఒప్పుకోరు. క్లాసును లైబ్రరీ పీరియడ్‌కు మార్చగానే రావడం మొదలుపెట్టారు.

అయినా కొందరి మార్కులు కదల్లేదు. పేపర్లో తెల్లగా వదిలేసిన కేలీ-హామిల్టన్ సిద్ధాంతం (మాత్రికల పాఠంలోది) లెక్కను, ప్రశ్న తెలుగులో చెప్పగానే ఒక అబ్బాయి బోర్డు మీద చకచకా చేసేశాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ప్రశ్న చదివి అర్థం చేసుకునే దగ్గరే ఆగిపోతున్నాడు. అప్పటినుంచి క్లాసు మొదట్లో కాసేపు పాత ప్రశ్నపత్రంలోంచి ఒక ప్రశ్న తీసుకుని అందరం కలిసి చదువుతున్నాం. ఇది ఎంతవరకు పనిచేస్తుందో వచ్చే మిడ్‌లో చూడాలి.

పరిశ్రమలకు ఈ పద్ధతి పాతదే. ప్రణాళిక, అమలు, పరిశీలన, సవరణ, మళ్లీ మొదటికి. 1950లో అమెరికా నాణ్యతా నిపుణుడు డెమింగ్ జపాన్ వెళ్లి చెప్పిన పాఠాల్లోంచి పెరిగిందే ఇది. మన దేశంలో క్వాలిటీ సర్కిళ్లు, అంటే పనిలోని సమస్యలను కార్మికులే కలిసి పరిష్కరించుకునే చిన్న బృందాలు, మొదలైంది ఎక్కడో కాదు, 1980లో మన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లోనే. మా నాన్నగారు అక్కడే పనిచేశారు. మెషీన్ బాధ దాని దగ్గర నిలబడేవాడికే తెలుస్తుందని, అందుకే సర్కిల్‌లో కార్మికులే కూర్చుని మాట్లాడేవారని చెప్పేవారు. మన కాలేజీల్లో మాత్రం విద్యార్థుల ఇబ్బందుల మీద జరిగే మీటింగుల్లో విద్యార్థులే కనిపించరు.

ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో మన దేశం శాశ్వత సభ్యత్వం పొందాక, కోర్సుల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ ఎన్‌బీఏ గుర్తింపు కోసం కాలేజీలు గట్టిగా ప్రయత్నిస్తున్నాయి. అందులో నిరంతర మెరుగుదలకూ, విద్యార్థులకు అందే సహాయానికీ మార్కులున్నాయి. మంచిదే. కానీ తనిఖీ బృందం వస్తోందంటే చాలాచోట్ల మెంటరింగ్ పుస్తకాలు (విద్యార్థులకు అధ్యాపకులు ఇచ్చిన సలహాలు రాసే పుస్తకాలు) రాత్రికి రాత్రి నిండిపోతాయి. పేజీ పేజీకీ ‘బాగా చదవమని సలహా ఇచ్చాం’ అన్న ఒక్క వాక్యమే. దానివల్ల ఏ పిల్లకు ఏం ఒరుగుతుంది?

హాజరు 75 శాతానికి తగ్గితే తల్లిదండ్రులకు మెసేజ్ పోతుంది. ఎందుకు తగ్గిందో కూర్చోబెట్టి అడిగేవాళ్లు తక్కువ. రాత్రిళ్లు డెలివరీ పనులకు వెళ్లి పొద్దున లేవలేనివాళ్లున్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమై, ఆఫీసులో అడుగుతారన్న టెన్షన్‌తో కాలేజీకే రానివాళ్లున్నారు. ఇవి మా అధ్యాపకుల చేతిలో తీరేవి కావు. కానీ కారణాలు రాసిపెడితే కనీసం ప్రిన్సిపాల్ దాకా, అక్కణ్ణుంచి ప్రభుత్వం దాకా వెళ్తాయి.

జేఎన్‌టీయూ ప్రతి సెమిస్టర్‌కూ అకడమిక్ క్యాలెండర్ ఇస్తుంది. అందులో మొదటి మిడ్ మార్కులు వచ్చిన వారంలో ఒక పూట ఈ పనికే కేటాయించాలి. ప్రతి సెక్షన్ నుంచి కొందరు విద్యార్థులు, వాళ్లలో మార్కులు తక్కువ వచ్చినవాళ్లు తప్పనిసరిగా, అధ్యాపకులతో కలిసి కూర్చోవాలి. ఏం మార్చారో, రెండో మిడ్‌లో ఏం తేలిందో పేర్లు లేకుండా ఒక్క పేజీలో రాసి నోటీసు బోర్డులో పెట్టాలి. మెంటరింగ్ గంటలను అధ్యాపకుల వర్క్‌లోడ్‌లో లెక్కించాలి. వచ్చే సెమిస్టర్ క్యాలెండర్ ఖరారయ్యేలోపే విశ్వవిద్యాలయ అధికారులు దీనిపై నిర్ణయం తీసుకోవాలని కోరుతున్నాను.

– ఒక అధ్యాపకురాలు, లింగంపల్లి, హైదరాబాద్